పూర్తయిన ఏళ్ళే రాయాలి

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగువాళ్ళు ఆదివారం సాయంత్రాలు పెట్టుకునే సమావేశంలో, జనన మరణాల రిజిస్టర్ రాసి రిటైరైన ఒక గుమస్తా మాట్లాడింది. రికార్డింగు విని ఉన్నది ఉన్నట్టు రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందకి దించు బాబూ, నేను పొట్టి మనిషిని. ఆఁ, చాలు చాలు. వెనకాల వినిపిస్తోందా?

సెక్రటరీ గారు పోయిన ఆదివారం ఫోన్ చేసి మాష్టారూ ఈసారి మీరే మాట్లాడాలి అన్నారు, నేను మాష్టారిని కాదండీ బాబూ గుమస్తాని అన్నాను, ఏదైతే ఏటి, చావు గురించి మాట్లాడండి అన్నారు. మా ఆవిడ పక్కనుంచి వింటోంది. కార్తీక మాసం, శుభమా అని వనభోజనాలకి పోవాల్సిన రోజుల్లో ఇదేం సబ్జెక్టు, ఇంకేటీ దొరకలేదా వాళ్ళకి అంది. వాళ్ళకి దొరికింది సబ్జెక్టు కాదే, మనిషి, 31 ఏళ్ళు చావులు రాసినోడు ఈ ఊళ్ళో నేను తప్ప ఖాళీగా ఎవడున్నాడు అన్నాను. (నవ్వులు)

ముందే చెప్పేస్తన్నాను, ధర్మరాజుని యక్షుడు ఏమడిగేడు, పరీక్షిత్తు ఏడు రోజుల్లో ఏం చేసేడు, ఇవేవీ నేను చెప్పను. పురాణం చెప్పే పంతులు గారు ముందు వరసలోనే కూర్చున్నారు, ఆయన వ్యాపారం నేను చెడగొట్టకూడదు. నాకు తెలిసింది రిజిస్టరు ఒక్కటే. దాని గురించే మాట్లాడతాను, మధ్యలో ఎక్కడికైనా పోతే మీరే వెనక్కి లాగండి.

1988 లో చేరేను, 2019 లో దిగిపోయేను. మా ఆఫీసు పేరూ ఊరూ చెప్పను, ఎందుకంటే మధ్యలో కొన్ని నిజాలు వస్తాయి. ఒకే బల్ల మీద రెండు పుస్తకాలు ఉండేవి, ఎడమ పక్క జననం, కుడి పక్క మరణం. ఎడమ పుస్తకం తొందరగా నిండిపోయేది, కుడిది నెమ్మదిగా నిండేది. చేరిన కొత్తలో అందరూ చిత్రగుప్తుడు అని పిలిచేవారు. నేనేటనుకునేవాణ్ణంటే, చిత్రగుప్తుడి పని నా పని కంటే సులువు, ఆయన పాపం పుణ్యం అని రెండే రాస్తాడు, నాకు చూస్తే గడుల మీద గడులు, అందులో పాపానికీ పుణ్యానికీ మాత్రం చోటు లేదు.

మీకు చట్టం తెలిసే ఉంటుంది, 1969 నాటిది. మనిషి పోయిన 21 రోజుల్లోగా వచ్చి చెప్తే పైసా ఖర్చు లేదు. 21 దాటి 30 లోపల అయితే లేటు ఫీజు. 30 దాటి ఏడాదిలోపు అయితే పై అధికారి పర్మిషన్ కావాలి, నా రోజుల్లో అఫిడవిట్ కూడా కావాల్సి ఉండేది. ఏడాది దాటిపోయిందా, ఇంక మేజిస్ట్రేటు ఆర్డరే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఆఖర్లో నాకు దీంతో పనుంది.

మనవాళ్ళు ఎక్కువమంది పన్నెండో రోజు అయ్యాక వచ్చేవారు. గుండు చూస్తే చాలు, నోరు విప్పకుండానే నేను కుడి పుస్తకం తీసేసేవాణ్ణి. ఒకసారి తిరుపతి వెళ్ళొచ్చి కూతురు పుట్టిన కాయితం కోసం వచ్చిన ఆయనకి కూడా తీసేసేను, ఆయన పెట్టిన కేకలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. (నవ్వులు)

ఇంకొక బాధ మనది. ఫారాలన్నీ ఒడియాలో ఉంటాయి, మన పేర్లేమో తెలుగు. ఒడియాలో మన 'వ' ఉండదు, బయటి పేర్లకి 'భ' వేసేస్తారు, దాంతో బతికున్నన్నాళ్ళూ వెంకటరావు అయిన మనిషి పోయాక భెంకట్ రావు అయిపోతాడు. ఇంటిపేరు మనం ముందు పెడతాం, వాళ్ళకి వెనకాల ఉండాలి, అందుకని తలా తోకా మారిపోతాయి. ఎకారం పొట్టిదో పొడుగుదో తెలీదు, చెల్లమ్మ చేల్లమ్మ అవుతుంది. అక్కడ పెన్షన్ ఆఫీసులో వెంకటరావు అని ఉంటుంది, ఇక్కడ పోయినోడు భెంకట్ రావు, వాళ్ళేటంటారంటే మీ వెంకటరావు ఇంకా బతికే ఉన్నాడు కదమ్మా ఆయన్నే తీసుకురండి అంటారు. నవ్వకండి, ఇలగ ఆరేసి నెలలు తిరిగిన ముసలమ్మల్ని నేను చూసేను. నేను తెలుగు గుమస్తాని కాబట్టి నా చేతిలో ఉన్నంతలో పేర్లు సరిగ్గా రాయించేవాణ్ణి, అదొక్కటే నేను చేసిన గొప్ప పని అనుకుంటాను.

సరే, వయసు గడికి వద్దాం. దానికోసమే వచ్చేను అసలు.

మరణం ఫారంలో వయసు ఎలా రాయాలో కిందే ఉంటుంది. ఏడాది దాటినోళ్ళకి పూర్తయిన ఏళ్ళు రాయాలి. ఏడాది లోపు అయితే నెలలు. నెల లోపు అయితే రోజులు. రోజు కూడా నిండకపోతే గంటలు. చదివేటప్పుడు మామూలుగానే ఉంటుంది, రాసేటప్పుడు తెలుస్తుంది. 73 ఏళ్ళ పదకొండు నెలలకి పోయిన మనిషికి 73 అని రాస్తాం. ఆ పదకొండు నెలలు ఏమయ్యేయి? లెక్కలోకి రావు. ఆ పదకొండు నెలల్లో ఆయన మనవడి పెళ్ళి చేసి ఉండొచ్చు, కాశీ వెళ్ళి ఉండొచ్చు, మూడు నెలలు మంచాన పడి ఉండొచ్చు. అన్నీ కొట్టివేత. అదే చంటిపిల్లకి మాత్రం గంట గంటా లెక్కే. పెద్దోళ్ళ దగ్గర నెలలు పారేసే గవర్నమెంటు, పిల్లల దగ్గర గంటలు ఏరుకుంటుందన్నమాట.

ఒకాయన వచ్చేడు, కుర్రోడే, పాతికేళ్ళు ఉంటాయేమో. గుండు లేదు, అంత చిన్నపిల్లలకి కర్మలు చెయ్యరు కదా. అందుకని నేను ఎడమ పుస్తకం తీసేను. తియ్యాల్సిందే అది కూడా, ఎందుకంటే పుట్టి పోయిన పిల్లకి ముందు పుట్టుక రాయాలి, తర్వాత చావు రాయాలి, రెండు పుస్తకాల్లోనూ ఒకే తేదీ. పుట్టుక రాసేసేను. చావు దగ్గరికి వచ్చి ఎన్ని గంటలు బాబూ అన్నాను. పదకొండున్నర సార్ అన్నాడు. పదకొండు అని రాసేను. సార్ పదకొండున్నర అన్నాడు మళ్ళీ. పూర్తయిన గంటలే రాయాలి నాయనా, అరలు రాయకూడదు అన్నాను. కొంచెంసేపు అలగే నిల్చున్నాడు. అప్పుడన్నాడు, ఆ అరగంటే సార్ నా చేతికిచ్చింది, అంతకు ముందంతా లోపల గాజుపెట్టెలోనే ఉంది అని.

నేను రూలు తప్పి రాసేను. పదకొండు పక్కన చిన్నగా 'న్నర' అని చేర్చేను, ఒడియాలో. పై నుంచి తనిఖీకి వచ్చినాయన ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఇదేటి అని అడిగేడు, పొరపాటయిపోయింది సార్ అన్నాను. ఇప్పటికీ ఎక్కడో గదిలో ఆ పేజీ ఉంటుంది, ఎర్ర సున్నాతో సహా.

ఆ తర్వాత చాలా రోజులు వయసు గడి దగ్గర పెన్ను ఆగిపోయేది నాకు. 68 అని రాస్తాం, రెండు అంకెలు, అయిపోయింది. అందులో ఎవరి చేతుల్లో ఉన్న అరగంటలు ఎన్నో!

మీలో లెక్కలొచ్చినోళ్ళు ఉన్నారు కదా, ఒక మాట చెప్తాను. మన దేశానికి స్వతంత్రం వచ్చిన రోజుల్లో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళు. ఇప్పుడు 70 కి అటూ ఇటూ. ఇది చెప్తే అందరూ ఏటనుకుంటారంటే మన తాతలు ముప్పైకే ముసలోళ్ళయి పోయేవారనుకుంటారు. అలగ కాదు. ఒక పిల్ల ఏడాది నిండకుండా పోయింది, ఒక ముసలాయన 64 కి పోయేడు, ఇద్దరికీ సగటు తియ్యండి, 32 వస్తుంది. 32 కి మాత్రం ఆ ఇద్దర్లో ఎవరూ పోలేదు. అంచేత ఆ 32 అన్నది ముసలోళ్ళ లెక్క కంటే పిల్లల లెక్క. మా నాయనమ్మ తొమ్మండుగుర్ని కంటే నలుగురు మిగిలేరు, ఆవిడ మాత్రం ఎనభై దాటి బతికింది, చుట్ట కాలుస్తూ. ఈ మధ్యలో పెరిగిన ఆయుష్షులో పెద్ద వాటా ఆ పోవాల్సిన పిల్లలు పోకుండా నిలబడ్డదే. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమందిమి వంద ఏళ్ళ కిందట పుట్టుంటే ఈ కుర్చీల్లో ఉండేవాళ్ళం కాదు. అది తల్చుకుంటే ఆయుష్షు చాల్లేదని ఏడవడానికి నాకు కొంచెం సిగ్గేస్తుంది.

చాల్లేదనే మాట నిజమే అనుకోండి. 70 ఏళ్ళు అంటే చాలా ఉన్నట్టుంటుంది, వారాల్లో చెప్పండి, 3,640. అంటే పుట్టిన దగ్గర్నుంచి పోయిన దాకా మనిషికి 3,640 సంతలు. అంతే. నాకిప్పుడు 66 పూర్తయ్యేయి, ఇంకో పదేళ్ళు ఉన్నాననుకోండి, 520 సంతలు. మా ఆవిడకి ఈ లెక్క చెప్తే అందులో సగం సంతలకి నువ్వు సంచీ మర్చిపోయే వెళ్తావు అంది. (నవ్వులు)

మా నాన్న 59 కి పోయేరు. నాకు 59 నిండిన ఏడాది నేను చాలా భయంగా గడిపేను, ఎవరికీ చెప్పలేదు. 60 వచ్చిన రోజు పొద్దున్న లేచి అద్దంలో చూసుకుంటే ఏటో వింతగా ఉంది, మా నాన్న మొహంలో ఎప్పుడూ చూడని ముడతలు నా మొహంలో. అంతకు ముందు ప్రతి వయసుకీ ఒక నమూనా ఉండేది, నలభైలో నాన్న ఇలగుండేవారు, యాభైలో ఇలగుండేవారు అని. అరవై నుంచి నమూనా లేదు. ఇప్పుడు ఏడేళ్ళు నేను ఆయనకంటే పెద్దవాణ్ణి. కలలోకొస్తే ఏమని పిలవాలో తెలీదు నాకు.

సరే సరే, రిజిస్టర్ దగ్గరికి వెనక్కి వద్దాం.

మధ్యలో కొత్త ఫారాలు వచ్చేయి. అందులో నాలుగు కొత్త ప్రశ్నలు పెట్టేరు. పోయిన మనిషి పొగ తాగేవాడా, అయితే ఎన్నేళ్ళు. పొగాకు నమిలేవాడా, ఎన్నేళ్ళు. వక్క, పాన్ మసాలా నమిలేవాడా, ఎన్నేళ్ళు. మందు తాగేవాడా, ఎన్నేళ్ళు. రోగాల లెక్కల కోసం పెట్టేరు, తప్పు లేదు. కానీ చూడండి, మొత్తం కాయితంలో మనిషి రోజూ ఏం చేసేవాడు అని అడిగేది ఆ నాలుగే. వృత్తి అని ఒక గడి ఉంటుంది గానీ, ఆడవాళ్ళ విషయంలో ఇంటివాళ్ళే దాని మీద అడ్డగీత కొట్టించేసేవారు, ఏటీ లేదండీ ఇంట్లోనే ఉండేది అని. యాభై ఏళ్ళు పదిమందికి వండిపెట్టిన మనిషికి ఏటీ లేదు! నేను రెండు మూడుసార్లు వాదించి తర్వాత ఊరుకున్నాను.

మన వైపు సంగతి తెలుసు కదా, అడ్డపొగ. చుట్ట నిప్పు లోపల పెట్టుకుని కాల్చే ఆడవాళ్ళు ఇటు మన గజపతి జిల్లాలోనూ అటు శ్రీకాకుళంలోనూ ఇంటింటికీ ఉండేవారు, అంగిట్లో పుండ్లు పడి క్యాన్సర్ వరకూ పోయినోళ్ళూ ఉన్నారు. కాశీనగర్ వైపు నుంచి ఒకావిడ కొడుకు వచ్చేడు. మీ అమ్మ పొగ తాగేదా అంటే తాగేది బాబూ, అడ్డపొగ అన్నాడు. ఎన్నేళ్ళు అన్నాను. పెళ్ళైన కాణ్ణుంచి అన్నాడు. పెళ్ళెప్పుడయింది అంటే నాకేటి తెలుసు, నేను పుట్నేదు గదా అన్నాడు. (నవ్వులు) నేను అందాజుగా 55 అని రాస్తన్నాను, అతను ఇంకా చెప్తన్నాడు, సుట్ట మానమంటే మాన్నేదు గానీ బాబూ, తెల్లారగట్ల నాలుగింటికి లేసి మా గుమ్మంతో పాటు పక్కోళ్ళ గుమ్మం కూడా కళ్ళాపి సల్లీసేది, ఆ ఇంటామెకి నడుం నొప్పని, ఇరవై ఏళ్ళు సల్లింది, అది కూడా రాయండి అన్నాడు. అది రాయడానికి చోటు లేదయ్యా అన్నాను. మరి సుట్టకి సోటుంది గదా అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్తూ ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. అందులో పేర్లు లేవు, తేదీలు లేవు, ఎవరూ భయపడక్కర్లేదు. వాళ్ళు చెప్పిన ఆ ఒక్క మాట, అడగకుండా చెప్పింది, అంతే రాసేవాణ్ణి. మీరు నమ్మండి నమ్మకపోండి, నూటికి తొంభై మంది సంతకం పెట్టాక లేచి పోరు, ఒక నిమిషం ఆగుతారు, ఏదో ఒకటి చెప్తారు. ఆ చెప్పేది ఎప్పుడూ పెద్ద విషయం కాదు. హెడ్మాష్టారుగా చేసినాయన కొడుకు, మా నాన్న హెడ్మాష్టరండీ అని చెప్పడు, ఫారంలో వృత్తి గడిలో అది ఉంది కదా. ఏం చెప్తాడంటే... ఉండండి, తెచ్చేను పుస్తకం, కళ్ళజోడు ఏదీ...

ఆఁ. 'ముక్కుపొడి డబ్బా మూత గట్టిగా పెట్టేవాడు కాదు, బీరువా తెరిస్తే అందరికీ తుమ్ములు.' ఇది ఆ హెడ్మాష్టారిదే.

'బస్సు దిగినోళ్ళకి దారి చెప్పడానికి రోజూ అరుగు మీద కూర్చునేవాడు. ఎవరూ అడక్కపోతే తనే పిలిచి ఎక్కడికి అని అడిగేవాడు.'

'అన్నం తినేటప్పుడు మాట్లాడితే కోపం. ఇప్పుడు మాట్లాడుకుంటూ తింటన్నాం, బావులేదు.'

ఇంకొకటి, ఇది నాకు ఇష్టం. 'గుణుపురం రైలు కూత వినపడగానే గోడ గడియారం సరిచేసేవాడు.' ఆ చిన్న రైలు మీకందరికీ గుర్తే కదా, నౌపడా నుంచి, రాజావారి కాలంలో వేసింది, సైకిలోడు కూడా దాటేసేవాడు దాన్ని. 2004 లో గేజి మార్పిడికని ఆపేసేరు. ఆ మాట చెప్పిన పిల్లేటంటుందంటే, రైలు ఆగిపోయాక మా తాత ఇంక గడియారం ముట్టుకోలేదండీ, రోజుకింత వెనకబడిపోయింది అది, మేం ఎవరైనా సరిచెయ్యబోతే ఉండండి రైలొస్తాది అనేవాడు. పెద్ద లైను గుణుపురం దాకా వచ్చేసరికి 2011. వచ్చిందట, కూత విన్నాడట, లేచేడట. అయితే కొత్త రైలు టైము వేరు. ఆయన పాత రైలు టైమే పెట్టేడు. పోయేదాకా ఆ ఇంట్లో చిన్న రైలు టైమే నడిచింది.

అన్నీ ఇలగ తియ్యగా ఉండవు. చేదువి కూడా రాసేను, రాయకపోతే అబద్ధం అవుతుంది. 'కొట్టేవాడు. అంతే.' ఒక ఆడపిల్ల చెప్పింది. ఇంకోటి, కోడలు చెప్పింది, 'ఇల్లు ఇప్పుడు చప్పుడు లేకుండా ఉంది, నాకు నిద్ర పడతంది'. ఒకబ్బాయి చాలాసేపు నిల్చుని, నాకేం గుర్తు రావట్లేదండీ అని వెళ్ళిపోయేడు. అదే రాసేను, 'ఏం గుర్తు రావట్లేదు' అని. ఆ పేజీ తిప్పేటప్పుడు నాకెప్పుడూ కొంచెం గుండె దడగా ఉంటుంది.

పుస్తకం మూసేస్తాను, లేకపోతే రాత్రయిపోద్ది. గిడుగు రామ్మూర్తి పంతులు గారి పేరు చెప్పకుండా ఈ ఊళ్ళో తెలుగులో మాట్లాడితే మీరు ఊరుకోరు, నేనూ ఊరుకోను. ఆయన్ని నా రిజిస్టర్లో పెట్టి చూద్దాం. పుట్టింది 29 ఆగస్టు 1863. పోయింది 22 జనవరి 1940. పూర్తయిన ఏళ్ళు 76, ఉపన్యాసాల్లో 77 అంటారు గానీ నేనొప్పుకోను. ఆయన విజయనగరంలో ఎవరితో చదువుకున్నారు, గురజాడతో. గురజాడ పుట్టింది 21 సెప్టెంబరు 1862, పోయింది 30 నవంబరు 1915, పూర్తయినవి 53. ఇద్దరూ ఒకే బడి, ఒకే పట్టుదల, మనం మాట్లాడే తెలుగులోనే రాయాలని. ఒకరికి 53 ఇచ్చేరు, ఒకరికి 76. ఆ మిగిలిన ఇరవై నాలుగేళ్ళు పంతులు గారు స్నేహితుడు లేకుండానే ఊరూరూ తిరిగి దెబ్బలాడేరు.

1880 లో ముప్పై రూపాయల జీతానికి ఈ ఊరి రాజావారి బడికి వచ్చేరు ఆయన, అంటే 16 నిండి 17 నడుస్తోంది. ఈ కొండల్లో సవర వాళ్ళని చూసి వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆ అడవుల్లో మలేరియా, దానికి క్వినైను, క్వినైను ఎక్కువై చెవుడు వచ్చేసింది. ఆలోచించండి, మాట్లాడే భాష కోసం జీవితమంతా కొట్లాడిన మనిషికి మాట వినపడదు. సవర వ్యాకరణం అచ్చయ్యేసరికి 1931, నిఘంటువు వచ్చేసరికి 1938, అప్పటికి డెబ్బై దాటేసేయి. మధ్యలో 1936 లో రాష్ట్రం విడిపోయి ఈ ఊరు ఒరిస్సాలోకి పోతే, నేనుండను అని 72 ఏళ్ళ వయసులో ఇల్లు సర్దుకుని రాజమండ్రి వెళ్ళిపోయేరు. మనం ఉండిపోయేం. ఎవరిది రైటో నేను చెప్పలేను, నేను ఒడియా గవర్నమెంటు జీతం తిన్నవాణ్ణి. (నవ్వులు) కానీ 72 లో ఊరు మారిన మనిషి, రెండేళ్ళకి నిఘంటువు తెచ్చేడు చూడండి, ఎన్ని సంతలు మిగిలేయి అని లెక్కపెట్టుకునుంటే ఆ పని మొదలెట్టేవాడే కాదు.

సవరల మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. గుమ్మ, సెరంగో వైపు ఊళ్ళ బయట రాళ్ళు పాతి ఉంటాయి, చూసే ఉంటారు. మనిషి పోయాక కొన్నాళ్ళకి పండగలా చేసి రాయి నిలబెడతారు, గువార్ అంటారు. అంతకంటే వింత ఏటంటే, వాళ్ళు పోయినోళ్ళతో మాట్లాడతారు. పూనకం వచ్చే ఆవిడ కూర్చుంటుంది, ఆవిడ నోట్లోంచి పోయినాయన మాట్లాడతాడు, చుట్టూ ఇంటివాళ్ళు కూర్చుని జవాబు చెప్తారు. వైరాగ్యం గురించీ స్వర్గం గురించీ మాట్లాడతారనుకున్నాను నేను. కాదట. నా కోడిని ఎవరు తిన్నారు, నాకు జ్వరమొచ్చినప్పుడు ఎందుకు రాలేదు, ఇవీ మాటలు. దెబ్బలాడతారు, ఏడుస్తారు, సర్దుకుంటారు. అది విన్నప్పుడు నా లాంగ్ నోట్‌బుక్కే గుర్తొచ్చింది. మనం ఏడాదికోసారి తద్దినం పెట్టి కాకి ముట్టిందా లేదా అని చూసి వచ్చేస్తాం, వాళ్ళేమో కోడి లెక్క కూడా తేల్చుకుంటారు. తర్వాత తర్వాత పోయినోళ్ళ కోపాలు చల్లారి, వాళ్ళ పేరు ఇంట్లో పుట్టిన బిడ్డకి పెడతారు. ఆ పైలోకంలో కూడా ఇంకోసారి చచ్చిపోతే ఇంక మాటలు ఉండవు, సీతాకోకచిలుకలు అయిపోతారు అంటారు. ఇప్పుడు చాలామంది క్రైస్తవంలోకి వెళ్ళిపోయేరు, ఆ మాట్లాడించడం తగ్గిపోయింది.

సీతాకోకచిలుక అంటే హిందీలో తిత్లీ. 11 అక్టోబరు 2018, తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర ఒడ్డెక్కింది, మన ఇళ్ళ పెంకులు కూడా ఉంచలేదు. తుఫానుకి ఆ పేరు పాకిస్తాన్ వాళ్ళు ఇచ్చింది, వాళ్ళకేటి తెలుసు ఇక్కడి సంగతి. మన జిల్లాలోనే బరఘరా అనే ఊళ్ళో వానకి భయపడి కొండ చరియ కింద తలదాచుకున్నవాళ్ళ మీద కొండే విరిగి పడింది. ఆ వారాల్లో నాతో పనిచేసిన ఒక కుర్రోడు, వేరే చోట రిజిస్టర్ రాసేవాడు, ఫోన్ చేసేడు. అన్నయ్యా, వరసగా ఒకే తేదీ ఒకే కారణం వస్తన్నాయి, పైదే అని గుర్తు కొట్టుకుంటూ పోనా, చెయ్యి నొప్పెడతంది అన్నాడు. రూలు ఏముందో నాకు తెలుసు. కానీ వద్దురా, ప్రతిదానికీ తేదీ పూర్తిగా రాయి, కారణం పూర్తిగా రాయి అన్నాను. ఎవరి చావూ పైదే కాదు కదా. వాడు తిట్టుకునే ఉంటాడు. రాసేడు.

కోవిడ్ టైముకి నేను దిగిపోయేను. నా సీట్లో కూర్చున్న అమ్మాయి దగ్గర అప్పుడు ఎవరూ సంతకం పెట్టాక ఒక నిమిషం ఆగలేదట, కిటికీలోంచి కాయితం తీసుకుని వెళ్ళిపోయేవారట. ఆ మాట చెప్తూ ఏడ్చింది. అది నేను ఎక్కువ మాట్లాడను.

సెక్రటరీ గారు గడియారం చూపిస్తన్నారు, లోపల ఉప్మా, ఘుగునీ చల్లారిపోతన్నాయట. ఒక్కటే చెప్పి దిగిపోతాను. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, లేటు ఫీజు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, పాత రిజిస్టర్లు ఎండలో వేసి చెదలు దులపమన్నారు. దులుపుతుంటే 1983 పుస్తకం చేతికొచ్చింది. వెతికేను. దొరికింది. మా నాన్న. పేరు 'భ' తోనే ఉంది, అనుకున్నదే. వయసు 60 అని ఉంది, అది తప్పు, పూర్తయినవి 59. వృత్తి, దర్జీ. సమాచారం ఇచ్చినవారు, కొడుకు, కింద నా సంతకం. అప్పుడు నాకు 24. గుండుతో వెళ్ళేను, సంతకం పెట్టేను, వచ్చేసేను. ఆ గుమస్తా నన్నేం అడగలేదు, నేనేం చెప్పలేదు. బయట స్నేహితుడు సైకిల్ మీద వెయిట్ చేస్తన్నాడు. నూటికి తొంభైమంది ఆగుతారని చెప్పేను కదా, ఆ పదిమందిలో నేనున్నాను.

ఏడాది దాటిపోయింది, 42 ఏళ్ళయింది. మేజిస్ట్రేటు గారు ఈ సభలో ఎవరైనా ఉంటే ఆర్డర్ ఇవ్వండి, లేకపోతే మీరే అనుకోండి.

మా నాన్న బడి పిల్లల నిక్కర్లూ గౌన్లూ కుట్టేటప్పుడు అంచు లోపలికి రెండంగుళాల గుడ్డ మడిచి కుట్టేసేవారు, పైకి కనపడకుండా. అడిగినోళ్ళకీ అడగనోళ్ళకీ కూడా. వచ్చే ఏడు పిల్లడు ఎదిగితే ఆ కుట్టు విప్పి దించుకుంటే సరిపోతుందని. గుడ్డ ఎక్కువ పట్టేది, దానికి డబ్బులు తీసుకునేవారు కాదు, అమ్మ రోజూ దెబ్బలాడేది. ఆయన పోయిన మరుసటి ఏడు జూన్‌లో మా వీధిలో తల్లులు అరుగుల మీద కూర్చుని బ్లేడుతో ఆ కుట్లు విప్పుతున్నారు, నేను చూసేను.

ఇది రాసుకోండి. ఫీజు ఎంతో చెప్తే కట్టేస్తాను.